సబ్బు సందులో జోలపాట

అంతాకియా,
18 అక్టోబరు 1936

నా కంటివెలుగు తమ్ముడు బిషారాకి అక్క అఫీఫా ముద్దులతో రాసేది.

నీ ఉత్తరం పదకొండు రోజులకి చేరింది. అందులో సగం జెనీవా సరస్సు, సగం నీ జలుబు. ఏం తింటున్నావో ఒక్క ముక్క లేదు. అంటే సరిగ్గా తినడం లేదన్నమాట. అమ్మ పోయాక నీ ఏడేళ్ళప్పటి నుంచి నిన్ను పెంచినదాన్ని. నువ్వు రాసిన మాటల కంటే మానేసిన మాటలే నాకు బాగా అర్థమవుతాయి.

ఇక్కడ గార్ చెట్ల నూనెకాయలు కోతకొచ్చాయి. నిన్నటి నుంచి పక్కింటి నెజ్మియే, నేను సబ్బుకి నూనె తీస్తున్నాం. ప్రతి ఏడులాగే రాగి కాగు మనది, కట్టెలు వాళ్ళవి, మసి ఇద్దరిదీ. రెండు పెరళ్ళ మధ్య తలుపుకి గడియ పెట్టి ఎన్నేళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు. మీ బావ యుద్ధానికి పోయి తిరిగి రాని ఏడాది నుంచీ ఆ తలుపు అలాగే ఉంది. రాత్రి నాకు దగ్గు వస్తే పొద్దున్న అటు నుంచి కషాయం వస్తుంది.

ఫ్రెంచివాళ్ళు పోతే ఊరు ఎవరిదవుతుందని ఊళ్ళో టోపీల గొడవ ముదిరింది. అంచున్న టోపీ పెట్టినవాడు టర్కీ వైపట, ఎర్ర ఫెజ్ కుచ్చుటోపీ పెట్టినవాడు సిరియా వైపట. నెజ్మియే మొగుడు రెమ్జీ బట్టల కొట్టు మూసి వస్తూ వస్తూ ఒక అంచుల టోపీ కొనుక్కొచ్చాడు. తలకాయ కంటే టోపీ పెద్దది. నెజ్మియే నవ్వు ఆపుకోలేక పొయ్యి ఊదుతున్నట్టు తల దించేసుకుంది. నాకు పొరబోయింది.

వాళ్ళ మూడోవాడికి నెల నిండింది. రెమ్జీ వాళ్ళమ్మ గుల్సుమ్ అవ్వ ఉయ్యాల ఊపుతూ వాడికి అరబ్బీలో జోల పాడుతుందిరా. "నది మీద నీటిచక్రం ఏడుస్తోంది, నువ్వు ఏడవకు" అని మొదలవుతుంది. ఇంట్లో అందరిదీ టర్కిష్. ఆవిడ బేరమాడేదీ టర్కిష్‌లోనే, కోడలిని తిట్టేదీ టర్కిష్‌లోనే. కానీ పుట్టింది కొండపల్లెలో, అరబ్బుల పిల్ల. పదమూడేళ్ళకి ఈ ఇంటి కోడలైంది. కొడుకు అడుగుల చప్పుడు వింటే పాట ఆపేస్తుందట. "మా ఇంటి గుట్టు అక్కా, నీ దగ్గరే ఉండాలి" అని నెజ్మియే నా చెవిలో చెప్పింది.

ఉన్ని మేజోళ్ళు పంపుతున్నాను. వేసుకో, అట్టే పెట్టుకోకు.

నీ అక్క,
అఫీఫా

—

జెనీవా,
6 డిసెంబరు 1936

అక్కా,

మేజోళ్ళు అందాయి. ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నది అవి వేసుకునే. తిండి గురించి అడిగావు కదా. నేనుండే ఇంటి యజమానురాలు సాయంత్రం ఏడింటికి బంగాళాదుంపల సూప్ పోస్తుంది. బల్ల చుట్టూ ఐదుగురం కూర్చుంటాం. చెంచాల చప్పుడు తప్ప ఇంకేం వినబడదు. మన ఇంట్లో అయితే అలాంటి నిశ్శబ్దం ఎవరైనా పోయినప్పుడే ఉండేది.

మా సంస్థలో ఈ ఏడంతా ఒకటే చర్చ. యుద్ధం లేకుండా సరిహద్దులు మార్చడం ఎలా అని. పది దేశాల పండితులొచ్చారు. ఒకాయన నదిని బట్టి గీత గీయాలంటాడు. ఇంకొకాయన భాషని బట్టి అంటాడు. మూడో ఆయన రేవు పట్టణాన్ని దాని వెనకున్న ఊళ్ళ నుంచి విడదీస్తే రెండూ చస్తాయంటాడు. గ్రీసుకీ టర్కీకీ చేసినట్టు మనుషుల్నే అటూ ఇటూ మార్చేస్తే పీడా పోతుందని నాలుగో ఆయన తాపీగా టీ తాగుతూ అన్నాడు. గోడ మీద టర్కీదో సిరియాదో తేలని మన సంజక్ జిల్లా పటం ఉంది. ఊరికి ఏ రంగు వెయ్యాలో తేలక నాలుగు రంగుల పెన్సిళ్ళతో చారలు గీశారు. మన సబ్బు సందు ఊదారంగు చార కింద పడింది.

నేను ఆ ఊరివాడినని మా సంస్థ పెద్ద ప్రొఫెసర్ పెర్నేకి గుర్తొచ్చింది. వచ్చే వేసవి సభలో నన్ను మాట్లాడమన్నారు. ఇన్నాళ్ళూ ఇతరుల పుస్తకాలకి సూచికలు తయారుచేసినవాడికి ఇది చిన్న సంగతి కాదక్కా. కాబట్టి నాకు సాయం చెయ్యి. మన చుట్టుపక్కల ఎవరు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, బజారులో ఏ భాషో, దేవుడితో ఏ భాషో రాయి. నీకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ పండితుల్లో ఒక్కరూ లేరు.

నీ ఉత్తరాలు పైకి చదువుకుంటాను. మన మాట చెవిన పడాలంటే ఇక్కడ వేరే దారి లేదు.

నీ బిషారా

—

అంతాకియా,
21 ఫిబ్రవరి 1937

పండితుడైన తమ్ముడికి, అతని జీతం లేని గుమాస్తా రాసేది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. రొట్టెలు కాల్చే ఆర్మేనియన్ ఆర్తిన్ మూడు భాషల్లో తూకం తక్కువ వేస్తాడు. మన చర్చి ఫాదర్ గ్రీకులో ప్రార్థన చదువుతాడు, అరబ్బీలో చందా అడుగుతాడు, గాడిద మొరాయిస్తే టర్కిష్‌లో తిడతాడు. పాలమ్మే ఆవిడ ఏ గుమ్మం ముందు నిలబడితే ఆ గుమ్మం భాష. గుల్సుమ్ అవ్వ సంగతి కిందటిసారే రాశాను. చాలా, ఇంకా కావాలా?

నీ ఉత్తరం నెజ్మియేకి చదివి వినిపించాను. నదిని బట్టి గీత గీయాలన్న ఆయన మాటకి ఆవిడ ఒకటే నవ్వు. "మా ఆయన చెప్పులు ఎక్కడ విప్పాడో మర్నాటికి గుర్తుండదు. ఊళ్ళు ఎక్కడ విడిపోవాలో వీళ్ళకెలా తెలుస్తుంది? మీ తమ్ముడికి పెళ్ళి చెయ్యి అక్కా, ఈ పిచ్చి కుదురుతుంది" అంది. నేనూ అదే అంటున్నాను.

ఈస్టరుకి వస్తావా? ఉల్లి పొట్టుతో గుడ్లకి రంగు వేసి, ఎదురుగా కూర్చుని పగలగొట్టేవాళ్ళు లేక మూడేళ్ళయింది. కిందటేడు రెండు చేతుల్లో రెండు పట్టుకుని నాతో నేనే ఆడుకున్నాను. నవ్వకు.

అక్క

—

జెనీవా,
9 జులై 1937

అక్కా,

ఈస్టరుకి రాలేకపోయినందుకు నీ కోపం ఇంకా తగ్గలేదని ఈ మూడు నెలల మౌనాన్ని బట్టి తెలిసింది. కానీ ఈ సంగతి వింటే తగ్గుతుంది.

నిన్న కాక మొన్న సభలో మాట్లాడాను. మొదట్లో ఎవరూ వినలేదు, కాగితాలు తిప్పుకుంటున్నారు. అప్పుడు రాసుకున్నది పక్కనపెట్టి చెప్పాను. మా ఊళ్ళో సబ్బు సందు అని ఒకటుంది, అందులో ఒక టర్కీ వారి ఇల్లుంది, ఆ ఇంటి నాయనమ్మ మనవడికి అరబ్బీలో జోల పాడుతుంది, కొడుకు వస్తే ఆపేస్తుంది. ఆ ఇంటికి మీ దగ్గర ఏ రంగు పెన్సిలుంది? గీత గీస్తే ఉయ్యాల ఎటు పడుతుంది, ఊపే చెయ్యి ఎటు పడుతుంది?

కాగితాల చప్పుడు ఆగిపోయింది. ప్రొఫెసర్ పెర్నే లేచొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. మనుషుల్ని మార్చేద్దామన్న పెద్దమనిషి కూడా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఆ ఉపన్యాసం పత్రికలో అచ్చవుతోంది. పుస్తకంగా పెంచమన్నారు. పేర్లేవీ చెప్పలేదు, భయపడకు.

పదేళ్ళలో మొదటిసారి నేనిక్కడ ఎవరికో కనిపించాను. నువ్వూ నెజ్మియే నాకు చేసిన మేలు ఇది. ఆవిడకి చెప్పు, సంతోషిస్తుంది. పుస్తకం పని వల్ల ఈ వేసవికి కూడా రాలేను.

నీ బిషారా

—

అంతాకియా,
14 నవంబరు 1937

తమ్ముడు బిషారాకి,

నేను క్షేమం. ఈ ఏడు సబ్బు చెయ్యలేదు. కాగు దించడానికి చేతులు సహకరించలేదు. కాయలు చెట్టు కిందే రాలిపోయాయి.

వసంతంలో ఓటర్ల పట్టిక రాస్తారట. ప్రతి మగవాడూ వచ్చి తనది ఏ వర్గమో చెప్పి పేరు రాయించుకోవాలట. ఆడవాళ్ళ లెక్క లేదు. మన ఇంటికి నువ్వొక్కడివే మగవాడివి. నువ్వు రాకపోతే ఈ ఇల్లు ఏ పట్టికలోనూ ఉండదు. పట్టిక కోసమని కాదు. ఒకసారి వస్తే బాగుంటుంది.

ఉత్తరాల్లో ఊరివాళ్ళ ఊసు ఎక్కువ రాయకు.

అఫీఫా

—

జెనీవా,
10 జనవరి 1938

అక్కా,

నీ ఉత్తరం పొడిపొడిగా ఉంది. చేతుల నొప్పి ఎక్కువైందేమోనని ఇక్కడి మందుల షాపులో ఒక లేపనం కొని పంపుతున్నాను. పొద్దునా రాత్రీ రాసుకో. నెజ్మియేని పిలిచి రాయించుకో, మొహమాటపడకు. ఆవిడ ఉండగా నీకు దిగులేమిటి?

పట్టిక సంగతి ఆలోచించాను. నేను ఒక వర్గంలో పేరు రాయించుకుంటే రేపు నా పుస్తకాన్ని ఆ వర్గంవాడి పుస్తకం అంటారు. ఏ వైపూ లేనివాడిగా ఉండడమే నా వృత్తి. నువ్వు కాకపోతే ఇంకెవరు అర్థం చేసుకుంటారు?

క్రిస్మస్ రోజు మేజోళ్ళు వేసుకుని గదిలోనే ఉండిపోయాను. ఇంటివాళ్ళు చుట్టాలింటికి పోయారు. కింద గడియారం గంటలు కొడుతుంటే లెక్కపెట్టాను. అది తప్ప నాకు వేరే మాట వినబడలేదు.

ఒక చిన్న సాయం. పుస్తకం వేసేవాళ్ళు ఆ జోలపాట పూర్తిగా కావాలంటున్నారు. గుల్సుమ్ అవ్వని అడిగి చరణాలన్నీ రాసి పంపు.

నీ బిషారా

—

అంతాకియా,
22 మే 1938

బిషారా,

రాయకూడదనుకున్నాను. నీ లేపనం, పాట కావాలన్న నీ మాట ఒకే పొట్లంలో వచ్చాక నాలుగు నెలలు ఓర్చుకున్నాను, ఇంక ఊరుకోలేకపోతున్నాను.

నీ ఉపన్యాసం కిందటి ఆగస్టులోనే ఇక్కడికి చేరింది. ఒక పత్రికవాడు అందులో ముక్కని తర్జుమా చేసి వేశాడు. కాఫీకొట్టులో స్కూలు మాస్టరు పైకి చదివాడట. పేరు చెప్పలేదన్నావు. సబ్బు సందులో ఉన్నవి తొమ్మిదిళ్ళు. అందులో టర్కీ వారివి రెండు. ఒక దాంట్లో ముసలావిడ లేదు. ఇంకా పేరెందుకురా?

రెమ్జీ ఆ సాయంత్రమే వచ్చాడు. కేకలేస్తాడనుకున్నాను, వెయ్యలేదు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. "అక్కా, నువ్వు చెడ్డదానివని నేననను. మా అమ్మ పాట నేను చిన్నప్పటి నుంచీ విన్నాను. విననట్టు ఉండేవాణ్ణి, ఆవిడ కోసం. ఇప్పుడు ఊరంతా వింది. ఇంక నేనేం చెయ్యను?" అన్నాడు. మర్నాడు మేస్త్రీని పెట్టి మధ్య తలుపు ఇటుకలతో మూసేశాడు. అటు వైపు నెజ్మియే నిలబడి ఉంది. ఇటు నేను. ఆఖరి వరస పెట్టే దాకా ఇద్దరం ఒకరినొకరు చూస్తూనే ఉన్నాం.

నా చేతులకి ఏ నొప్పీ లేదు. ఆ కాగు ఒక్క మనిషి దించేది కాదు, అంతే.

గుల్సుమ్ అవ్వ ఆ తర్వాత పాడలేదు. బిడ్డ ఏడిస్తే నెజ్మియే భుజాన వేసుకుని తిరిగే అడుగులే వినబడేవి. అవ్వ జనవరిలో పోయింది. నీ ఉత్తరం దారిలో ఉండగానే. గోడకి ఇవతల నిలబడి ఏడుపులు విన్నాను. ముప్ఫై ఏళ్ళు ఆవిడ చేతి కాఫీ తాగినదాన్ని, పాడె వెనక నడవలేకపోయాను.

ఈ నెల పట్టిక రాశారు. రెమ్జీ వరసలో నిలబడితే వెనక ఎవడో అరబ్బీ జోలపాట ఒకటి కూనిరాగం తీశాడట. వరసంతా నవ్విందట. రెమ్జీ తలెత్తకుండా పేరు రాయించుకుని వచ్చాడని ఆర్తిన్ చెప్పాడు.

నీ సభలో వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, నిజమే. ఆ ఉయ్యాల మాత్రం ఇక్కడుంది. నెజ్మియే గుట్టు నా దగ్గర పెట్టింది, నేను నీ దగ్గర పెట్టాను. తప్పు నాది కూడా. నాకు తమ్ముడివనుకుని రాశాను, పండితుడివని మర్చిపోయాను.

అఫీఫా

—

జెనీవా,
12 జూన్ 1938

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు గది దాటలేదు. ఏడ్చాను. అది చెప్పి నీ జాలి అడగడం లేదు.

చేతనైనది చేశాను. ఆ ఉదాహరణ నిజం కాదని పత్రికకి ప్రకటన పంపాను. అలాంటి ఇల్లు లేదు, అలాంటి పాట లేదు అని. తప్పంతా నాదేనని రాశాను మొదట. అలా రాస్తే పుస్తకం ఆగిపోతుందని, సంస్థలో నా ఉద్యోగం కూడా ఉండదని ప్రొఫెసర్ పెర్నే అన్నారు. అందుకని "స్థానికంగా సమాచారమిచ్చిన వ్యక్తి నమ్మదగినవారు కారని తేలింది" అని మార్చాం. ఆ వాక్యం నాకు నచ్చలేదు. కానీ అక్కా, దీంతో రెమ్జీ కుటుంబానికి మచ్చ పోతుంది. నీ పేరు ఎక్కడా లేదు.

గోడ తీయిస్తారేమో చూడు.

బిషారా

—

అంతాకియా,
30 అక్టోబరు 1938

బిషారా,

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావు. అవి కూడా నా చేతుల్లో పెట్టావు.

నీ ప్రకటన కూడా వచ్చింది, అదే మాస్టరు చదివాడు. నువ్వు ఎవరి తమ్ముడివో తెలియనివాళ్ళు ఈ ఊళ్ళో లేరు. నీకు సమాచారమిచ్చిన వ్యక్తి ఎవరో వాళ్ళకి జెనీవా నుంచి చెప్పాలా? ఇప్పుడు టర్కీ వారికి నేను వాళ్ళ ఇంటి మీద కట్టుకథ అల్లినదాన్ని. మన అరబ్బులకి నిజం చెప్పి భయపడి మాట మార్చినదాన్ని. చర్చిలో నా బెంచీ మీద నేనొక్కదాన్నే కూర్చుంటున్నాను. టర్కీ సైన్యం వచ్చింది, రాజ్యం పేరు మారింది, జెండా మారింది. అవన్నీ నీకు పత్రికల్లో తెలుస్తాయి.

హమ్మాం స్నానశాలలో ఆడవాళ్ళ రోజున నెజ్మియే కనిపించింది. ఏడాది తర్వాత. నా పక్కన రాయి మీద కూర్చుంది. ప్రకటన చూసి మనసు కుదుటపడి వచ్చిందనుకున్నాను. మొహం కడుక్కుని, నా వైపు చూడకుండా అంది:

"నువ్వు చెప్పినందుకు కోపం వచ్చింది అక్కా. ఎప్పటికో తగ్గేదేమో. ఇప్పుడు అసలు పాడనే లేదంటున్నారు. మా అత్త పాడింది. నేను విన్నాను, నా బిడ్డ విన్నాడు. చచ్చిపోయిన మనిషికి ఆ పాట కూడా లేకుండా చేశారేమిటి మీ అక్కాతమ్ముళ్ళు?"

నీళ్ళు పోసుకునే తాస తీసుకుని ఇంకో కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిరిలో ఎక్కడ కూర్చుందో కూడా కనబడలేదు. నేను చాలాసేపు అక్కడే ఉన్నాను. నీళ్ళు చల్లారిపోయాయి.

అఫీఫా

—

జెనీవా,
2 జులై 1939

అక్కా,

ఇది నేను రాస్తున్న తొమ్మిదో ఉత్తరం. ఎనిమిదింటికి జవాబు లేదు.

ఊరు టర్కీలో కలిసిపోయిందని ఇవాళ పత్రికల్లో చూశాను. ఇష్టం లేనివాళ్ళు సిరియా పౌరులుగా రాయించుకుని వెళ్ళిపోవచ్చట. నువ్వు ఉంటావో, వెళతావో, వెళితే ఎవరితో వెళతావో తెలియక నాకు నిద్ర లేదు. పుస్తకం వచ్చింది. మన ఊరి అధ్యాయం తీసేశాను. అది లేని పుస్తకాన్ని అందరూ బాగుందన్నారు.

పాత ఉత్తరాలు పైకి చదువుకుంటున్నాను. కొత్తవి లేవు కదా. ఎవరి ఊసైనా సరే రాయి. ఆర్తిన్ తూకం గురించి రాయి. ఎవరు పుట్టారో, ఎవరు పోయారో, సందులో ఎవరు మిగిలారో రాయి. నేను ఎవరికీ చెప్పను. ఏ ఊరికి రమ్మంటే ఆ ఊరికి వస్తాను.

నీ బిషారా

—

అలెప్పో,
20 ఆగస్టు 1939

తమ్ముడు బిషారాకి,

నీ ఉత్తరం అంతాకియా నుంచి తిరిగి తిరిగి ఇక్కడికి చేరింది. ఈ నెల మొదట్లో సరిహద్దు దాటి సిరియాలోకి వచ్చేశాను. కవరు మీద చిరునామా రాశాను. ఒక గది, ఒక కిటికీ. ఎండ ఎక్కువ. నీళ్ళు పొద్దున పూటే వస్తాయి. ఒంట్లో బాగానే ఉంది.

ఎలా వచ్చానో, ఎవరు సామాను మోశారో, బయలుదేరే రోజు గుమ్మం దాకా ఎవరొచ్చారో, ఎవరు రాలేదో అడుగుతావని తెలుసు. నువ్వు దుర్మార్గుడివని నేనెప్పుడూ అనుకోలేదు. నీ మీద ప్రేమ కూడా తగ్గలేదు. ఇప్పుడు వచ్చినా తలుపు తీస్తాను, వండి పెడతాను, ఎదురుగా కూర్చుంటాను. యుద్ధం వస్తుందంటున్నారు కాబట్టి రాగలవో లేదో.

ఇక్కడ నేను మరీ ఒంటరిని కాను, బెంగపెట్టుకోకు. పక్క గదిలో ఒకావిడ ఉంది. వచ్చిన రెండో రోజే మా పొయ్యిలోకి నిప్పు తెచ్చిచ్చింది. నిన్న మెట్ల మీద కూర్చుని తన సంగతులన్నీ చెప్పుకుంది. నేను నావి చెప్పుకున్నాను. చాలా రోజుల తర్వాత మనసు తేలికైంది.

ఆవిడ పేరేమిటో, ఏ ఊరి నుంచి వచ్చిందో, ఇంట్లో ఏ భాష మాట్లాడుతుందో నీకు రాయను.

ఆరోగ్యం జాగ్రత్త.

అఫీఫా